పులుపు లేని ఇల్లు

వాన పడే ముందు చిక్కపేట ఒక్క క్షణం గొంతు తగ్గిస్తుంది. తోపుడు బండ్ల వాళ్ళు సరుకు మీద టార్పాలిన్ లాగి కట్టుకుంటారు. చీరల దుకాణాల మెట్ల మీద కూర్చున్న ఆడవాళ్ళు ఒళ్ళోని పట్టును లోపలికి మడిచి గుండెకు దగ్గరగా పెట్టుకుంటారు. అలా మడిచే చేతుల్లో భాగీరథమ్మ చేతులు అన్నిటికన్నా పాతవి. చింతామణి దగ్గర పల్లె నుంచి పెళ్ళయి బెంగళూరుకు వచ్చిన ఏడాది మొదలుపెట్టిన పని, చీర కొంగులకు కుచ్చులు కట్టడం.

నేతగాడు కొంగు చివర జానెడు దారాన్ని నేయకుండా వదిలేస్తాడు. ఆ పోగుల్ని పాయలుగా తీసి, రంగు కలిసే పట్టుదారం చుట్టి, ముడి మీద ముడి వేసి, నడుమ పూస గుచ్చి, చిన్న చిన్న గంటల వరసలా వేలాడదీయాలి. ముడి గట్టిగా పడకపోతే ఎంత మంచి పట్టయినా నాలుగుసార్లు కట్టేసరికి చివర పీచుపీచుగా లేచిపోతుంది. భాగీరథమ్మ ముడి లేచిపోదు. దుకాణం శేఠు పెళ్ళి చీరలన్నీ ఆమెకే ఇస్తాడు. ఆమె లెక్కన, ఈ ఊళ్ళో ఎంతమంది పెళ్ళికూతుళ్ళు పీటల మీద కూర్చుని సిగ్గుతోనో, భయంతోనో తన ముడుల్ని వేళ్ళ మధ్య నలిపి ఉంటారో! ఆమెకు ఒక్క ముఖమూ తెలియదు. వాళ్ళ భయం మాత్రం ముందే తన వేళ్ళకు తగిలినట్టుంటుంది.

ఆమె భర్త వెంకటరాయప్పది అదే బజారులో తోపుడు బండి. బట్టల మూటలు గోదాము నుంచి దుకాణానికి, దుకాణం నుంచి లారీ ఆఫీసుకు. మనిషి సన్నగా, కొబ్బరి తాడు పేనినట్టు ఉంటాడు. మాట్లాడితే ఎదుటివాడు నవ్వాల్సిందే. బండి తోస్తూ వీధి మలుపులో, మెట్ల మీది భార్యకు వినపడేలా ఒకసారి గంట కొట్టి పోతాడు. ఆ గంట వినపడితే ఆమెకు పొద్దు ఎంత ఎక్కిందో తెలిసేది.

ఈ ఏడు చైత్రంలో, పేట వీధుల్లో ధర్మరాయ గుడి కరగ ఊరేగే పండగ మర్నాడు, ఆ గంట ఆగిపోయింది.

ఊరేగింపు పోయిన వీధుల్లో మల్లెపూలు ఇంకా తొక్కుడు పడి ఉన్నాయి. ఎదురుగా మూటలు ఎక్కించిన బండి ఒకటి వెనక్కి జారింది. దాని ఇనుప చక్రం వెంకటరాయప్ప కుడికాలి బొటనవేలి మీదికి ఎక్కి దిగింది. అతను అరవలేదు. చాలా ఏళ్ళుగా షుగర్ ఉన్న కాలు అది, నొప్పి కబురు పైకి చేరవేయడం ఎప్పుడో మానేసింది. మధ్యాహ్నం దాకా బండి తోసి, ఇంటికి వచ్చి చెప్పు విడిచాక గడప మీద ఎర్రటి ముద్ర చూసి, "ఎవురిదే ఈ రక్తం?" అని అడిగాడు.

ఆ సాయంత్రమే భాగీరథమ్మ పథ్యం మొదలుపెట్టింది.

ఆమెకు ఆ పద్ధతి తల్లి నుంచి వచ్చింది. చిన్నప్పుడు కాగే నూనె ఒలికి మోచెయ్యి కాలినప్పుడు తల్లి ఆమె నోట పులుపు పడనివ్వలేదు. పులుపు తింటే పుండు చీము పడుతుంది. వంకాయ తింటే దురద. ఆకుకూర చలవ, పుండు నీరు పడుతుంది. గుడ్డూ మాంసమూ వేడి. చప్పిడి అన్నం, చింతపండు వేయని మిరియాల చారు, పెసరకట్టు. కొన్నాళ్ళకు పుండు ఎండి, పొక్కు రాలి, చర్మం లేతగా మెరిసింది. ఆ రోజు తల్లి ఆమె తలకు నూనె పెట్టి స్నానం చేయించి, ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఇన్నాళ్ళూ పథ్యం వండిన చేత్తోనే చింతపండు గొజ్జు కలిపిన మొదటి ముద్ద పెట్టింది. దానికి పథ్యం విడవడం అని పేరు. ఆ ముద్ద పడగానే దవడలు ఝల్లుమన్నాయి, కళ్ళు మూసుకుపోయాయి, పథ్యం పెట్టిన తల్లే ప్రపంచంలోని రుచినంతా తిరిగి ఇచ్చేసినట్టు అనిపించింది. మోచేతి మీద ఇప్పటికీ ఆకు ఆకారంలో మచ్చ ఉంది. పథ్యం అంటే భాగీరథమ్మకు ఆ మచ్చే సాక్ష్యం.

కాబట్టి చింతపండు జాడీ అటకెక్కింది. నిమ్మకాయ, టమాటా గుమ్మం తొక్కలేదు. పెరుగు పులుస్తుందని అదీ వద్దంది. షుగర్ ఉంది కాబట్టి తియ్యటి పండ్లు వద్దని ఎప్పుడో డాక్టర్లు చెప్పారు. పుల్లటి పండ్లు వద్దని ఆమె చెప్పింది. ఆ రెండింటి నడుమ పండు అనేదే మిగల్లేదు.

అతనికి పెట్టిందే ఆమె కూడా తిన్నది. ఎదురుగా ఒక మనిషి చప్పిడి మెతుకులు మింగుతుంటే తాను గొజ్జు కలుపుకోవడం ఆమెకు చేతకాలేదు. వఠారంలో పక్క ఇళ్ళ నుంచి పోపు వాసన, పులుసు మరిగే వాసన వస్తే ఇద్దరూ తెలియనట్టే ఉండేవారు, ఎవరో తమ గురించి మాట్లాడుకుంటుంటే విననట్టు.

కాటన్‌పేట దగ్గర ఒక ధర్మాసుపత్రిలో కట్లు కట్టించేవారు. అక్కడి నర్సు ఫాతిమాది కదిరి. కట్టు విప్పుతూ ఊసులు చెప్పడం ఆమె అలవాటు. డాక్టరు రాజగోపాల్ ఒంగోలు వైపు మనిషి. మాట తక్కువ, చూపు ఎక్కువ. వేసవి పోయి వానలు వచ్చాయి. గాయం మాత్రం మొదట్లో ఎంత ఉందో అంతే ఉంది. పెరగలేదు, తరగలేదు. పాలిపోయి, తడిగా, అంచులు మొద్దుబారి, మూసుకోవడం మరిచిపోయిన కన్నులా ఉంది.

"షుగర్ కంట్రోల్‌లో ఉంది. రక్తం బాగానే పారుతోంది. ఎముకకు ఇన్ఫెక్షన్ లేదు. అయినా కదలట్లేదు," అన్నాడు డాక్టరు ఒకరోజు, తనలో తాను మాట్లాడుకుంటున్నట్టు. తర్వాత భాగీరథమ్మ వైపు తిరిగాడు. "ఆయుధపూజ దాకా చూద్దామమ్మా. అప్పటికీ ఇలాగే ఉంటే వేలు తీసేయడం మంచిది. లేకపోతే పాదం దాకా పాకే ప్రమాదం ఉంది."

వెంకటరాయప్ప నవ్వబోయాడు. "తొమ్మిది వేళ్ళు చాలవా సార్, లెక్క చెప్పేకి?" అన్నాడు. ఆ నవ్వు సగంలోనే నిలిచిపోయింది. బండి తోసేవాడికి తెలుసు. మూటలు ఎక్కించిన బండి కదలని మొదటి క్షణంలో ఒంటి బరువంతా పోయి నిలబడేది ఆ బొటనవేలి మీదే. ఆ వేలు నేలను పట్టుకుంటేనే చక్రం తిరుగుతుంది.

ఆ రోజు ఇంటికి వచ్చి భాగీరథమ్మ పథ్యాన్ని ఇంకొంచెం బిగించింది. ఎక్కడో తప్పు జరుగుతోందనుకుంది. మిరియాల చారులో కొత్తిమీర కూడా మానేసింది.

ఆ ఆదివారం ఆమె చెల్లెలి కొడుకు మునీంద్ర హూడి నుంచి మెట్రో ఎక్కి వచ్చాడు. అక్కడి సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఫోన్లకు జవాబు చెప్పే ఉద్యోగం. బ్యాగులోంచి ఒక సీసా తీసి స్టూలు మీద పెట్టాడు. సీసా మీద నారింజ పండు బొమ్మ, పక్కన దానిమ్మ గింజలు.

"పెద్దమ్మా, ఇది మామూలు టాబ్లెట్ కాదు. యాంటీఆక్సిడెంట్లు. మా ఆఫీసులో అందరూ తింటుండారు. బాడీలో తుప్పంతా తీసేస్తుంది."

"మీ పెద్దనాయన ఏమన్నా ఇనుప గేటారా, తుప్పు పట్టేకి?"

"అట్లా కాదు పెద్దమ్మా, యూట్యూబ్‌లో చూడు కావాలంటే. గాయాలు తొందరగా మానతాయంట."

వెంకటరాయప్ప సీసా తీసుకుని గలగలలాడించాడు. "ఏమప్పా మునీంద్రా, ఇంత చిన్న బుడ్డీలో దానిమ్మ చెట్టు ఎట్లా పట్టించినారు?"

భాగీరథమ్మ మూత తీసి వాసన చూసింది. నారింజ తొన ఒలిచినప్పటి వాసన. పులుపు. గబుక్కున మూత బిగించింది. "పుండు ఉండే మనిషికి పులుపు తెచ్చినావే, ఏం బుద్ధిరా నీది!" అంది. సీసా కూడా చింతపండు జాడీ పక్కకు, అటక మీదికి పోయింది. మునీంద్ర చిన్నబుచ్చుకుని, ఆమె పెట్టిన చప్పిడి అన్నం సగం తిని, హోటల్లో ఏదో పని ఉందని లేచాడు.

ఇదంతా జరుగుతుండగా ఆమె వేలి మీద ఒక చిన్న గాటు పడింది.

పట్టుదారం గట్టిగా లాగితే కత్తిలా కోస్తుంది. కుచ్చులు కట్టేవాళ్ళకు అది రోజూ ఉండేదే. రెండు రోజుల్లో మాయమయ్యే గీత. ఈసారి అది మాయం కాలేదు. చూపుడువేలి కణుపు మీద సన్నగా నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయింది. పసుపు అద్ది, గుడ్డపేలిక చుట్టి పని చేసుకుంది. ఒకరోజు లేత గులాబీ రంగు పెళ్ళి చీర మీద ఆ పేలికలోంచి చుక్క రక్తం, దాని చుట్టూ పసుపు మరక. శేఠు తలపట్టుకుని కూర్చున్నాడు. "భాగీరథమ్మా, నీ చెయ్యేనా ఇది?" అన్నాడు. ఆ మాట తిట్టుకన్నా ఎక్కువగా తగిలింది. పొద్దున పళ్ళు తోముకుంటే ఉమ్ములో ఎరుపు కనపడేది. మెట్లు ఎక్కితే మోకాళ్ళు వణికేవి. వయసు, అనుకుంది. వయసు మీద వేసేస్తే ఏదైనా నిశ్శబ్దంగా సర్దుకుంటుంది.

తర్వాతి కట్టు రోజు వెంకటరాయప్ప బల్ల మీద పడుకుని పైకప్పు వైపు చూస్తున్నాడు. ఫాతిమా కట్టు విప్పి, గాయం కడిగి, ఏమీ అనలేదు. ఆమె ఊసులు ఆగిపోయాయంటే గాయం కదల్లేదని భాగీరథమ్మకు తెలుసు. దూది అందించబోయింది. ఫాతిమా ఆ చెయ్యి పట్టుకుంది.

"ఏమ్మా ఇది? పోయినసారి గూడా ఈ పసుపు గుడ్డే ఉండె గదా?"

"దారం కోసింది తల్లీ. ఏం లేదు."

"ఏం లేకపోతే ఇన్నాళ్ళు ఎందుకుండాది?" పేలిక విప్పింది. గాటు అంచుల్ని సున్నితంగా నొక్కి చూసింది. "నీకూ షుగర్ ఉండాదా?"

"నాకేం రోగం? రాళ్ళు తిన్నా అరుగుతాయి."

ఫాతిమా వదల్లేదు. అక్కడికక్కడే వేలికి సూది గుచ్చి చూసింది. షుగర్ లేదు. "నోరు తెరువు" అంది. చిగుళ్ళు చూసింది. అవి వాచి, ముదురు రంగుకు తిరిగి ఉన్నాయి. ఫాతిమా నొసలు ముడిపడింది. పక్కపక్కనే రెండు గాయాలు. ఒకటి షుగర్ మనిషిది, ఇంకొకటి ఏ జబ్బూ లేని మనిషిది. రెండూ ఒకేలా నిద్రపోతున్నాయి.

"మీ ఇద్దరూ ఏం తింటా ఉండారమ్మా?"

ఆ ప్రశ్న కోసమే ఇన్నాళ్ళూ ఎదురు చూసినట్టు భాగీరథమ్మ ముఖం వెలిగింది. ఇప్పటిదాకా ఎవరూ ఆమెను అడగలేదు. తను ఎంత నిష్ఠగా చేసిందో చెప్పింది. పులుపు మానిపించింది, పండు మానిపించింది, ఆకుకూర, గుడ్డు. చెబుతున్నకొద్దీ ఫాతిమా చేతిలో గాజుగుడ్డ కదలడం మానేసింది.

"కరగ నాటి నుంచా?"

"అవును తల్లీ. ఒక్కనాడూ తప్పలే. నేను గూడా అదే తిన్నా."

ఫాతిమా లేచి వెళ్ళి డాక్టరును పిలుచుకొచ్చింది. రాజగోపాల్ స్టూలు లాక్కుని కూర్చున్నాడు. ముందుగా తన నుదురు తానే కొట్టుకున్నట్టు అన్నాడు. "అన్ని పరీక్షలూ రాశాను. తిండి సంగతి ఒక్కటి అడగలేదు. తప్పు నాది."

తర్వాత నెమ్మదిగా చెప్పాడు. గాయం పడగానే ఒంట్లోని కాపలావాళ్ళు అక్కడికి పరుగెత్తి, క్రిముల్ని కాల్చడానికి ఒక రకం నిప్పు రగిలిస్తారు. కంటికి కనపడని నిప్పు. అది కావాలి. కానీ పని అయ్యాక ఆరాలి. ఆరకపోతే కొత్తగా మొలిచే లేత కండను కూడా అదే కాల్చేస్తుంది. షుగర్ ఉన్న ఒంట్లో ఆ నిప్పు మరీ మొండిది. దాన్ని ఆర్పే వాటినే యాంటీఆక్సిడెంట్లు అంటారు. కొన్ని ఒళ్ళే తయారు చేసుకుంటుంది. కొన్ని మాత్రం తిండిలోంచి రావాలి, ఉసిరి, జామ, నిమ్మ, ఆకుకూర, రంగురంగుల కూరగాయల్లోంచి.

"నువ్వు గుమ్మం బయట నిలబెట్టినవాళ్ళంతా వాళ్ళేనమ్మా," అంది ఫాతిమా మెల్లగా. "నీళ్ళ బిందెలతో నిలబడినారు. పథ్యమని తలుపేసేసినావు."

భాగీరథమ్మకు నిప్పు సంగతి సగమే అర్థమైంది. ఆ సంగతి ఫాతిమాకు ఆమె ముఖంలో కనపడింది. భాగీరథమ్మ మోకాళ్ళ మీది చీర కొంగు అందుకుని, దాని కుచ్చు పట్టుకుంది.

"ఇదో చూడు. కండ గూడా దారమే. సన్న పోగులు మూడు కలిసి పేనుకుంటేనే ఒక దారం. పోగులు ఒళ్ళు ఇస్తాది. ఆ పురి విడిపోకుండా పట్టుకునేకి సి విటమిన్ కావాల. ఉసిరి, నిమ్మ లాంటి పులుపులో ఉండేది అదే. అది లేకుండా ఒళ్ళు ఎంత అల్లినా..."

"లేచిపోతుంది," అంది భాగీరథమ్మ.

ఆ మాట ఆమె నోట్లోంచి రాలేదు, వేళ్ళలోంచి వచ్చింది. ముడి పడని కొంగు ఎలా ఉంటుందో ఆ వేళ్ళకు తెలుసు. ఇన్ని నెలలుగా ఆ కాలి లోపల ఎవరో రాత్రింబవళ్ళు పోగులు తీస్తున్నారు, పేనుతున్నారు, ముడి కోసం చెయ్యి చాపుతున్నారు. ఆ చెయ్యి ఖాళీగా తిరిగిపోతోంది. ఆ ఖాళీ చేతికి అడ్డుపడింది తానే. ఎంత ప్రేమగా అడ్డుపడింది! ఆమె గోడకు ఆనుకుంది.

"మా అమ్మ... మా అమ్మ చేసింది ఇదే," అంది.

"మీ అమ్మ కొన్ని రోజులు చేసి విడిచిపెట్టింది గదమ్మా," అన్నాడు డాక్టరు. "కొన్నాళ్ళకు ఒళ్ళు ఓర్చుకుంటుంది. నెలలకు ఓర్చుకోదు. వేలు నిలుస్తుందని నేను మాట ఇవ్వలేను. కానీ ఇప్పుడు దానికి ఒక దారి కనపడింది." ఒక మామూలు విటమిన్ మాత్ర రాసిచ్చాడు. మునీంద్ర సీసా సంగతి వెంకటరాయప్ప అడిగితే తల అడ్డంగా ఊపాడు. "ఎక్కువ మింగితే ఎక్కువ మేలని ఏమీ లేదు. నిప్పు మొత్తం ఆర్పేస్తే క్రిముల్ని ఎవరు కాలుస్తారు? ముందు అన్నంలో రానీ. జామకాయ జ్యూసు వద్దు, కాయ కొరికి తినాలి. రోజూ ఒక గుడ్డు."

ఆటోలో భాగీరథమ్మ తల్లిని తలుచుకుంది. తల్లి ఆమెకు పథ్యం పెట్టడం నేర్పింది, విడవడమూ నేర్పింది. ఆమె మొదటిది పట్టుకుని కూర్చుంది. పుండు మానితే పథ్యం విడుద్దామని తను ఎదురుచూసింది. పథ్యం విడిస్తే మానుదామని పుండు ఎదురుచూసింది. ఒకే ఇంట్లో రెండు ఎదురుచూపులు, ఒకదాని ముఖం ఒకటి చూడకుండా.

ఇంటికి వచ్చే దారిలో మార్కెట్ దగ్గర ఆటో ఆపి ఉసిరికాయలు, దోర జామకాయలు, పుంటికూర అనే గోంగూర కట్ట కొన్నది. కొన్నది కానీ ఆ సంచిని ఒళ్ళో పెట్టుకోకుండా కాళ్ళ దగ్గరే ఉంచింది. డాక్టరు మాట బుద్ధికి ఎక్కింది. ఒంటికి ఇంకా ఎక్కలేదు. ఆ ఒంటిలో ఆకు ఆకారపు మచ్చ ఉంది. పులుపు తింటే తెల్లారేసరికి చీము, అన్న తల్లి గొంతు ఉంది.

"ఇదో," అంది భర్తతో. "ఈ ఒక్కరోజు ఆగు. ముందు నేను తింటా. నాకూ పుండు ఉండాది గదా. తెల్లారి నా వేలు ఏం చెప్తుందో చూసి నీకు పెడతా."

"అంటే, నన్ను ఎదురుగా కూచోబెట్టి ఉసిరికాయ కొరుకుతావా? పుండు పడినోనికి ఇది ఏం శిక్షే!"

"అట్లా అనాకు. నాకు భయంగా ఉండాది."

అతను ఆమె ముఖం చూసి నవ్వు తగ్గించాడు. "సరే. తిను. నేను ఆపక్కకు తిరుక్కుంటాలే."

ఆమె ఉసిరికాయకు ఉప్పు అద్ది కొరికింది. పళ్ళు జివ్వుమన్నాయి. వాచిన చిగుళ్ళు మండాయి. ఆ మంట వెనుక నుంచి, చాలా దూరం నడిచి వచ్చినట్టు, చిన్న తీపి. నీళ్ళు తాగితే నీళ్ళు కూడా తియ్యగా అయ్యాయి. ఇన్ని నెలల్లో అతను లేకుండా ఆమె తిన్న మొదటి ముద్ద అది. దొంగతనంలా అనిపించింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

గోడ వైపు తిరిగి కూర్చున్న వెంకటరాయప్ప అన్నాడు. "ఓబులేష్ తెలుసు గదా. నా బండి పక్క బండోడు. రోజూ సాయంత్రం ఇంటికి వచ్చి ఉప్పూ కారం వేసిన మామిడికాయ ముక్కలు పొట్లం ముందర పెడతా ఉండె. 'తినప్పా, అక్కకు చెప్పనులే' అని. ఒక్కనాడూ ముట్టలే."

"ఎందుకు?"

"నువ్వు తినకుండా ఉంటివి గదా. నేనెట్లా తినేది?"

ఆమె చేతిలో సగం కొరికిన ఉసిరికాయ అలాగే నిలిచిపోయింది. అతనే మళ్ళీ అన్నాడు. "మనిద్దరిలో ఒక్కరన్నా దొంగతిండి తినుంటే బాగుండేదే భాగీ. ఈపాటికి బండి తోస్తా ఉందును." ఆమెకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. ముక్కు కొంగుతో తుడుచుకుంది. కుచ్చులు చెంపకు తగిలాయి.

తెల్లవారింది. కిటికీలోంచి వచ్చే వెలుగులో ఆమె పేలిక విప్పింది. చీము లేదు. వాపు లేదు. గాటు మానలేదు, కానీ అలిగి కూర్చున్న పిల్ల కోపం తగ్గి తలుపు వైపు ఓరగా చూసినట్టు ఉంది. అంతే చాలు.

భర్త తలకు కొబ్బరినూనె పెట్టింది. కట్టు తడవకుండా కాలు ఎత్తి స్టూలు మీద పెట్టించి స్నానం చేయించింది. అటకెక్కిన చింతపండు జాడీని దించింది. పుంటికూర పప్పులో మగ్గుతుంటే ఆ పుల్లటి ఆవిరి ఇంటి నాలుగు మూలలకూ పోయి, ఎవరెవరు ఉన్నారా అని పలకరించినట్టు తిరిగింది. పక్క వాటా కదిరమ్మ తలుపులోంచి తొంగిచూసి, "ఏమక్కా, మీ ఇంట్లో వంట చేస్తుండారా ఈ రోజు?" అని అడిగింది. ఇన్ని నెలలుగా చేసింది వంటే కాదన్నట్టు.

పథ్యం వండిన చేత్తోనే మొదటి ముద్ద పెట్టాలి. పెట్టింది. వెంకటరాయప్ప కళ్ళు మూసుకున్నాడు. దవడ కింద ఒక నరం కదిలింది. చాలాసేపు మింగలేదు.

"ఎట్లుండాది?"

"సుమ్నే ఉండు," అన్నాడు కళ్ళు తెరవకుండానే. "మాట్లాడితే పోతుంది."

ఆ తర్వాతి రోజులు నెమ్మదిగా నడిచాయి. ముందు ఆమె వేలు మూసుకుంది. ఒక ఉదయం చూస్తే అక్కడ గీత మాత్రమే ఉంది. ఉమ్ములో ఎరుపు పోయింది. శేఠు మళ్ళీ పెళ్ళి చీర ఇచ్చాడు. కానీ ఆమె చూపంతా ఆ కాలి మీదే. తన ఒంటి మీద గెలిచిన పులుపు, షుగర్ ఉన్న ఆ ఒంటి మీద గెలుస్తుందా? ముడి వేసేటప్పుడల్లా మనసులో ఆ కాలి లోపలి చేతికి ఒక పోగు అందించినట్టు అనుకునేది.

ఆయుధపూజకు ముందు వారం. బల్ల మీద వెంకటరాయప్ప. ఫాతిమా కట్టు విప్పింది. చివరి పొర గాయానికి అంటుకుని ఉంది. తడిపి లాగింది. చిన్న రక్తపు చుక్క పైకి వచ్చింది.

భాగీరథమ్మ బల్ల మీదికి వంగింది. "రక్తం! ఏమైంది తల్లీ?"

ఫాతిమా నవ్వింది. ఎన్నో వారాల తర్వాత ఆమె ఊసులు తిరిగి వచ్చాయి. "రక్తం రావాలనే గదమ్మా ఇన్నాళ్ళూ కాచుకున్నాం! చచ్చిన పుండుకు రక్తం రాదు. చూడు, ఎంత ఎర్రగా ఉండాదో."

పాలిపోయిన గుంటలో అడుగు నుంచి దానిమ్మ గింజల్లాంటి ఎర్రటి చుక్కలు పొడుచుకొచ్చాయి. అంచున లేత గులాబీ రంగు గీత, లోపలికి అడుగు వేస్తూ. డాక్టరు వంగి చాలాసేపు చూశాడు.

"కత్తి మాట ఇప్పుడొద్దు," అన్నాడు. "దీనికి టైమ్ ఇద్దాం. కాలు మీద బరువు మాత్రం వేయకూడదు. షుగర్ ఇలాగే ఉంచుకోండి."

"తింటా ఉండేది ఇట్లే తినొచ్చా సార్?" అని వెంకటరాయప్ప అడిగాడు, చాలా వినయంగా.

"తిను."

"అదో విన్నావా," అన్నాడు భార్యతో. "డాక్టరు సారే చెప్తుండాడు. పుంటికూర రోజు మార్చి రోజు."

ఆయుధపూజ నాడు చిక్కపేట బండ్లన్నీ కడుక్కుని, విభూతి పట్టెలు పెట్టుకుని, అరటి పిలకలు కట్టుకుని వరసగా నిలబడ్డాయి. వెంకటరాయప్ప తన బండి అంచున కూర్చున్నాడు. కట్టు కట్టిన కాలు నేలకు తగలకుండా చాపి ఉంది. గాయం ఇంకా మూసుకోలేదు. ఎప్పుడు మూసుకుంటుందో ఎవరూ చెప్పలేదు. ఓబులేష్ బూడిదగుమ్మడి పగలగొట్టి, ముక్కల్లో కుంకుమ చల్లి, "నిమ్మకాయలు ఏవక్కా?" అని కేక వేశాడు.

చక్రాల కింద పెట్టి తొక్కించడానికి నిమ్మకాయలు భాగీరథమ్మ తెచ్చింది. ఒకటి ఈ చక్రం కింద, ఒకటి ఆ చక్రం కింద పెట్టింది. ఓబులేష్ భుజం ఆనించి బండిని తోశాడు. పైన కూర్చున్న వెంకటరాయప్ప పక్కపట్టె మీద అరచెయ్యి ఆనించి, తాను కూడా తోస్తున్నట్టు పళ్ళు బిగించాడు. కట్టు లోపల బొటనవేలు కొద్దిగా వంగడం ఆమెకు కనపడింది, గాలిలోనే నేలను వెతుక్కుంటున్నట్టు. చక్రాలు కదిలాయి. నిమ్మకాయలు చిట్లి, ఆ వీధి అంతా ఒక్కసారిగా పచ్చటి పుల్లటి వాసన.

భాగీరథమ్మ కొంగు ముడిలో ఇంకో నిమ్మకాయ మిగిలింది. ఓబులేష్ చెయ్యి చాపాడు. "అది గూడా ఇయ్యక్కా, దిష్టి తీస్తా."

"ఇది నీకు గాదప్పా," అంది ఆమె, ముడి ఇంకాస్త బిగిస్తూ. "ఇది చారులోకి."

బండి మీద నుంచి గంట ఒకసారి మోగింది.